అప్‌డేట్: ప్రాక్టీస్ పియానోల గొడవ

పీజీ సంగీతం కోర్సులో అందరికీ కలిపి రెండే ప్రాక్టీస్ గదులు, రెండింటిలోనూ శ్రుతి తప్పిన అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండే) పియానోలే, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. గ్రాండ్ పియానో (తీగలు అడ్డంగా పరిచి ఉండే పెద్ద పియానో) కొనడానికి యాజమాన్యం దగ్గర డబ్బుల్లేవట. పైగా, "అప్‌రైట్ మీద వాయిస్తే ఏం పోయింది?" అన్నారు. గ్రాండ్‌లో కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ నొక్కొచ్చు; పియానోలు తయారుచేసే ఎరార్డ్ 1821లో పేటెంట్ తీసుకున్న ఏర్పాటు అది. మామూలు అప్‌రైట్‌లో ఉండదు, ఒకే స్వరం గబగబా కొడితే మధ్యలో మింగేస్తుంది.

ట్యూనర్‌ని మాత్రం పిలిపించారు. తేమకి సౌండ్‌బోర్డు (తీగల ధ్వనిని పెంచే చెక్క పలక) ఉబ్బి శ్రుతి పెరిగిందన్నాడాయన. సరిచేసి వెళ్లాడు, కానీ ఒక కీ ఇంకా నొక్కితే కిందే ఉండిపోతోంది. ఆడిటోరియంలో ఉన్న గ్రాండ్ తాళం ఉదయం 6 నుంచి 8 దాకా మాకిస్తున్నారు. నిద్ర చాలట్లేదు, అయినా వదులుకోను.