ఒక క్లిప్ ఎఫెక్ట్ సెట్టింగులు మిగతా క్లిప్పులన్నిటికీ: డావిన్చీ రిజాల్వ్ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీరెలా చేస్తున్నారు?

గోదారి_కట్స్
నమస్తే అండీ. రెండు కెమెరాలతో తీసిన పెళ్లి చేతిలో ఉంది. ముహూర్తం భాగంలోనే వందల క్లిప్పులు. ఒకదానికి కలర్, నెమ్మది జూమ్, కాస్త షార్ప్‌నెస్ బాగా కుదిరాయి. దాన్ని కాపీ చేసి, మిగతావి సెలెక్ట్ చేసి, ఆల్ట్ వి కొట్టి పేస్ట్ అట్రిబ్యూట్స్‌తో ఎక్కిస్తున్నాను. కానీ చిన్న క్లిప్పుల్లో జూమ్ పరుగెత్తుతోంది, పెద్దవాటిలో కదలనట్టే ఉంది. పైథాన్ స్క్రిప్ట్ రాస్తే తీరుతుందా? డెలివరీ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

టైమ్‌లైన్_బావ
స్క్రిప్ట్ సంగతి తర్వాత చూద్దాం అన్నా. ఆ పేస్ట్ అట్రిబ్యూట్స్ బాక్సులో కీఫ్రేమ్స్ (ఏ క్షణంలో జూమ్ ఎంత ఉండాలో చెప్పే గుర్తులు) అని ఉంటుంది చూడండి. అక్కడ స్ట్రెచ్ టు ఫిట్ ఎంచుకుని ఉంటారు. 5 సెకన్లలో 1.00 నుంచి 1.08కి వెళ్లే జూమ్‌ని 2 సెకన్ల క్లిప్‌లో వేస్తే, ఆ దూరమంతా 2 సెకన్లలోనే పూర్తి చేస్తుంది. పరుగు అందుకే. మెయింటైన్ టైమింగ్ పెడితే వేగం మారదు, సుమారు 1.03 దగ్గర క్లిప్ అయిపోతుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు.

ఒక్కటే చిక్కు: 5 సెకన్లు దాటిన క్లిప్‌లో జూమ్ మధ్యలో ఆగిపోతుంది. అందుకని అన్నిటికంటే పొడవైన క్లిప్ మీద జూమ్ కట్టి, దాన్నుంచి మిగతావాటికి పేస్ట్ చేయండి. 12 సెకన్ల క్లిప్‌కి అదే వేగంతో 1.19 దాకా వెళ్తుంది. 4కె ఫుటేజ్‌ని 1080 టైమ్‌లైన్‌లో పెట్టుకుంటే క్వాలిటీ పోతుందన్న భయం కూడా లేదు.

పసుపు_ఫ్రేమ్
జూమ్ సరే, నాకు కలర్ గురించే భయం. మండపం మీద పసుపు లైట్లు, పక్కన ఎల్‌ఈడీ గోడ, పైనుంచి తెల్లటి ఫ్లడ్ లైటు. జీలకర్ర బెల్లం క్లిప్‌లో వధువు ఎర్ర పట్టుచీరకు కుదిరిన గ్రేడ్‌ని (రంగుల సెట్టింగులని) తలంబ్రాల వైడ్ షాట్‌కి వేస్తే ముఖాలు పాలిపోతాయి. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్‌లో ఉంటే మరీ కష్టం, ఒక్క క్లిప్‌లోనే రంగు మారిపోతూ ఉంటుంది. అలాంటివి విడిగా కూర్చుని చేయాల్సిందే.

నా పద్ధతి చెప్తాను. కలర్ పేజీలో ఒక కెమెరా క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి కొత్త గ్రూప్‌లో వేస్తాను. ఆ కెమెరాకు ఉమ్మడిగా కావాల్సిన కరెక్షన్ గ్రూప్ ప్రీ-క్లిప్‌లో (క్లిప్ సొంత కరెక్షన్ కంటే ముందు పడేది) పెడతాను. ఒక్కో షాట్‌కి వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ దాని క్లిప్ నోడ్‌లోనే (నోడ్ అంటే కలర్ పేజీలో ఒక్కో కరెక్షన్ ఉండే పెట్టె). ఫైనల్ లుక్ గ్రూప్ పోస్ట్-క్లిప్‌లో (క్లిప్ కరెక్షన్ తర్వాత పడేది). రేపు క్లయింట్ వచ్చి "కొంచెం వెచ్చగా కావాలి" అంటే పోస్ట్-క్లిప్‌లో ఒక్కచోట తిప్పితే ఆ కెమెరా క్లిప్పులన్నీ మారతాయి. మళ్లీ కాపీ చేసే పనే ఉండదు. ఒక క్లిప్ ఒక్క గ్రూప్‌లోనే ఉండగలదు, అది మాత్రం గుర్తుంచుకోండి.

నోడ్_పిల్ల
పసుపు_ఫ్రేమ్ గారి మాటే నాదీ. ఒక జాగ్రత్త చెప్తాను. థంబ్‌నెయిల్ మీద మౌస్ మధ్య బటన్ నొక్కితే దాని గ్రేడ్ మీరు సెలెక్ట్ చేసిన క్లిప్‌కి వస్తుంది. ఎంతో సుఖం. కానీ అక్కడ ముందున్న నోడ్లన్నీ పోయి ఇవి కూర్చుంటాయి. ముఖం మీద పవర్ విండో (ఆ భాగానికే గ్రేడ్ పడేలా గీసే ఆకారం) కట్టి, ముఖం వెంటే కదిలేలా ట్రాక్ చేసి ఉంటే ఆ ట్రాకింగ్ కూడా వచ్చేస్తుంది. కొత్త క్లిప్‌లో ముఖం ఎడమవైపు ఉంటే వెలుగు కుడివైపు ఎవరూ లేనిచోట పడుతుంది. కాపీ చేశాక విండో ఉన్న ప్రతి క్లిప్‌నీ ఒకసారి ప్లే చేసి చూడాల్సిందే.

స్క్రిప్ట్_సోదరుడు
పైథాన్ అడిగారు కదా, నేను వాడుతున్నదే చెప్తాను. ముందు ఎడిట్ పేజీలో ఒక్కో కెమెరా క్లిప్పులకు ఒక్కో క్లిప్ కలర్ (టైమ్‌లైన్‌లో గుర్తు కోసం వేసే రంగు) వేస్తాను. స్క్రిప్ట్ ట్రాక్‌లోని క్లిప్పులన్నీ చదివి, రంగును బట్టి విడదీసి, నేను ఎంచుకున్న క్లిప్ గ్రేడ్‌ని అదే రంగున్న మిగతావాటికి కాపీ గ్రేడ్స్ అనే కమాండ్‌తో పంపేస్తుంది. జూమ్, పాన్, క్రాప్ లాంటి మారని విలువలను గెట్ ప్రాపర్టీతో చదివి సెట్ ప్రాపర్టీతో రాయొచ్చు. కానీ ఎఫెక్ట్స్ లైబ్రరీ నుంచి వేసిన ప్లగిన్ల లోపలి సెట్టింగులు దీనికి అందవు. మీ షార్ప్‌నెస్‌ని అక్కడినుంచి వేసి ఉంటే దానికి పేస్ట్ అట్రిబ్యూట్సే గతి, ప్లగిన్స్ టిక్ పెట్టుకోండి.

రిజాల్వ్ బయటినుంచి స్క్రిప్ట్ నడపాలంటే స్టూడియో వెర్షన్ కావాలి. ఫ్రీ వెర్షన్‌లో వర్క్‌స్పేస్ మెనూలోని కన్సోల్ (కమాండ్లు టైప్ చేసే విండో) నుంచి నడుపుకోండి. రన్ చేసేముందు టైమ్‌లైన్‌కి ఒక డూప్లికేట్ పెట్టుకోవడం మరవకండి.

గోదారి_కట్స్
మెయింటైన్ టైమింగ్ పెట్టి, పొడవైన క్లిప్ నుంచి పేస్ట్ చేశాను. జూమ్ అన్నిట్లో ఒకే నడకలో ఉంది! బావగారికి చాలా థాంక్స్. గ్రూపులు కూడా కట్టేశాను. ఒక్క సందేహం: రాత్రి షాట్లకు వేసిన నాయిస్ రిడక్షన్‌ని (చీకట్లో వచ్చే చుక్కలు తగ్గించేది) కూడా గ్రూప్‌లో పెట్టొచ్చా?

పసుపు_ఫ్రేమ్
వద్దండీ. గ్రూప్‌లో పెడితే అవసరం లేని పగటి షాట్లకూ పడి రెండరింగ్ పాకుతుంది. నాయిస్ ఉన్న క్లిప్పులకే ఒక షేర్డ్ నోడ్ చేసి వేయండి. ఒకచోట మారిస్తే ఆ నోడ్ ఉన్న క్లిప్పులన్నిట్లో మారుతుంది, మిగతావాటి జోలికి పోదు.