కర్నూలు: కొత్త ట్యాంకు కడితే శివారు కాలనీలకు నీళ్లు అందుతాయా?

కల్లూరు_కాలనీలు:
శివారు కాలనీ సంఘాల కోసం అడుగుతున్నాం. ఎండాకాలం వస్తే రోజు విడిచి రోజు నీళ్లు, అదీ సన్న దార. మీటింగుల్లో వినిపించే మాట ఒక్కటే: "ఇంకో ఓవర్‌హెడ్ ట్యాంకు కడితే సరిపోతుంది." ఊరి పక్కన తుంగభద్ర, ఊరి మధ్యలో హంద్రీ ఉన్నా లెక్క ఎక్కడ తప్పుతోంది? డబ్బు ఎక్కడినుంచి రావాలి? అర్జీ పెట్టేముందు ఏం అడగాలో తెలిసినవాళ్లు చెప్పండన్నా.

జలలెక్క:
ముందు అవసరం ఎంతో చూడండి. 2011 జనాభా లెక్కల్లో శివార్లతో కలిపి కర్నూలు సుమారు 4.8 లక్షలు. ఇప్పుడు 6 లక్షలనుకుందాం. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్లకు తలకు రోజుకు 135 లీటర్లని కేంద్ర ప్రమాణం. అంటే 81 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 8.1 కోట్ల లీటర్లు. దారిలో నీటి నష్టం 15 శాతం దాటకూడదనేది కూడా ప్రమాణమే. అది కలిపితే 95 ఎంఎల్‌డీ పంపాలి. నష్టం 40 శాతమైతే అదే జనానికి 135 ఎంఎల్‌డీ పంపాలి. ఆ తేడా 40 ఎంఎల్‌డీ. లీకులు కట్టకుండా కొత్త ఫిల్టర్ ప్లాంటు కట్టడమంటే ఈ 40 కోసం కట్టడమే.

ఇక నది. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నిల్వ 1.2 టీఎంసీ. ఊరి వాడకానికే అయితే కాగితం మీద దాదాపు ఏడాది వస్తుంది. అయితే ఆ నీళ్ల మీద కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) ఆయకట్టు ఆధారపడి ఉంది. పూడిక ఉంది, ఎండకు ఆవిరయ్యేది ఉంది. పైన తుంగభద్ర డ్యాము నుంచి వదిలితేనే వేసవిలో మన దగ్గర నదిలో పారుతుంది. ఆ నీళ్లు సమయానికి రాకుంటే గాజులదిన్నె రిజర్వాయరు నుంచి హంద్రీలోకి వదిలించుకోవాలి. ఇసుకలో ఇంకేది ఇంకగా మిగిలిందే మనకు చేరేది.

అందుకే అసలు ప్రశ్న మునగాలపాడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకు (ఎండాకాలానికి నీళ్లు నిల్వ చేసే చెరువు) లాంటివి ఎన్ని రోజులకు సరిపోతాయన్నది. 60 రోజులకు 95 ఎంఎల్‌డీ చొప్పున 0.2 టీఎంసీ కావాలి. వాడుకోదగిన లోతు 6 మీటర్లయితే దాదాపు 235 ఎకరాల నీటి విస్తీర్ణం. మన ఎండకు రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే ఆ ఒక్క చెరువు మీద రోజుకు 76 లక్షల లీటర్లు పోతాయి. కాబట్టి లోతు పెంచాలే గానీ వెడల్పు పెంచకూడదు. భూమి దొరికినప్పుడే సేకరించి పెట్టుకోవాలి. ఊరు పెరిగాక అంత జాగా ఎవరు ఇస్తారు?

వాల్వు_తాళం:
పైన లెక్క బాగుంది. కానీ శివారు కాలనీ ఇబ్బంది చాలాసార్లు నీళ్ల కొరత కాదు, మట్టం.

ట్యాంకు అడుగు నేల నుంచి 15 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. మీ కాలనీ నేల ట్యాంకు దగ్గరి నేల కంటే 6 మీటర్లు ఎత్తు. దారిలో పైపు రాపిడికి 4 మీటర్లు పోతాయి. మిగిలింది 5. ఒక్క అంతస్తు ఇంటికే 7 మీటర్ల ఒత్తిడి ఉండాలంటారు. ట్యాంకు నిండా ఉన్న మొదటి అరగంట దార బాగుంటుంది, మట్టం దిగేకొద్దీ సన్నబడుతుంది. దానికి ఇళ్లవాళ్లు కొళాయి పైపుకే మోటార్లు బిగిస్తారు. ముందు ఇళ్లవాళ్లు లాగేస్తే చివరి ఇళ్లకు గాలే. లైనులో ఒత్తిడి సున్నా కిందికి పోయినప్పుడు, పైపు మురుగు కాలువ దాటే చోట పగులు ఉంటే మురుగు లోపలికి వస్తుంది. చివరి కొళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా ఉండాలనేది ఇందుకే.

ఇంకో తప్పు: ట్యాంకును నింపే మెయిన్ లైనుకే మధ్యలో కాలనీలకు కనెక్షన్లు ఇచ్చేయడం. అలా చేస్తే పైన ట్యాంకు ఎన్ని ఉన్నా నిండవు. మొత్తం ట్యాంకుల్లో రోజువారీ అవసరంలో మూడో వంతు పట్టాలని ఒక మోటు లెక్క. 95 ఎంఎల్‌డీకి దాదాపు 3 కోట్ల లీటర్లు. కొత్త ట్యాంకు కట్టే ముందు పాతవి నిండుతున్నాయా లేదా చూడాలి.

లీకులు పట్టాలంటే ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతానికి ఒకే దారిలో నీళ్లిచ్చి, అక్కడ బల్క్ మీటరు (ఆ ప్రాంతానికి వెళ్లే మొత్తం నీటిని కొలిచేది) పెట్టాలి. రాత్రి 2 నుంచి 4 మధ్య లైనులో నీళ్లు నింపి ఉంచి రీడింగు తీస్తే, ఆ వేళ వాడకం దాదాపు ఉండదు కాబట్టి పారేది ఎక్కువ భాగం లీకే. పాత సిమెంటు ఆస్బెస్టాస్ పైపులు, కొళాయికి లైను తీసుకున్న జాయింట్లు ముందు చూడాలి.

పద్దుల_పెద్ద:
డబ్బు సంగతి నేను చెబుతా. నిర్మాణానికి దొరకడం కష్టమేమీ కాదు, నడపడానికే దొరకదు.

ఊళ్ల తాగునీటికి కేంద్రం పెట్టిన అమృత్ 2.0 పథకం 2021 అక్టోబరులో మొదలైంది. లక్ష నుంచి 10 లక్షల జనాభా ఊళ్లకు అందులో కేంద్రం వాటా మూడో వంతు, అదీ 20, 40, 40 శాతం విడతల్లో. మిగతాది రాష్ట్రం, స్థానిక సంస్థ పెట్టుకోవాలి. 2021-26కి 15వ ఆర్థిక సంఘం మన స్థాయి ఊళ్లకు ఇచ్చిన గ్రాంటులో 30 శాతం తాగునీటికి, 30 శాతం పారిశుద్ధ్యానికి కట్టివేసింది. ఆ సొమ్ము రావాలంటే ఆస్తిపన్ను కనీస రేట్లు ప్రకటించి, ఆడిట్ అయిన పద్దులు ఆన్‌లైన్‌లో పెట్టాలని షరతు పెట్టింది. విశాఖ 2018లో 80 కోట్ల బాండ్లు అమ్మింది. దానికి పద్దులు సరిగా ఉండాలి, పన్ను వసూలు క్రమంగా ఉండాలి. ఎవరైనా 20 కోట్లు 9 శాతానికి 15 ఏళ్లకు అప్పు తెస్తే ఏడాదికి దాదాపు 2.5 కోట్లు కట్టాలి.

ఇప్పుడు నడిపే ఖర్చు. నది నుంచి ప్లాంటుకు, ప్లాంటు నుంచి ట్యాంకులకు కలిపి 70 మీటర్లు ఎత్తిపోయాలనుకోండి. పంపుల సామర్థ్యం 70 శాతమైతే వెయ్యి లీటర్లకు 0.27 యూనిట్లు. 95 ఎంఎల్‌డీకి రోజుకు దాదాపు 26 వేల యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 6.6 కోట్లు. లక్ష కనెక్షన్లకు నెలకు 100 చొప్పున ఏడాదికి 12 కోట్ల డిమాండు, అందులో 60 శాతమే వసూలైతే 7.2 కోట్లు. కరెంటుకు సరిపోయింది. ఆలం (నీళ్లు తేర్చే పటిక), క్లోరిన్, వాల్వు మనుషుల జీతం, పైపు మార్పు దేనిమీద? ఇక మరమ్మతు వాయిదా పడుతుంది, లీకు పెరుగుతుంది, కరెంటు ఇంకా కాలుతుంది. పాత అనధికార కనెక్షన్లను లెక్కలోకి తెస్తేనే ఇది మారుతుంది.

ఎస్టిమేటు కాగితం దొరికితే మూడు చూడండి: ఇంటి కనెక్షన్ల ఖర్చు అందులో ఉందా, రోడ్డు తవ్వి పూడ్చే ఖర్చు ఉందా, రైల్వే, జాతీయ రహదారి దాటే అనుమతులకు గడువు పెట్టారా. ఇవి వదిలేసి కట్టిన ట్యాంకులు పైపు రాక ఖాళీగా నిలబడతాయి.

కల్లూరు_కాలనీలు:
అన్నలూ, చాలా స్పష్టంగా ఉంది. మా కాలనీలో ఇబ్బంది మట్టానిదా, పైపుదా అని మేమే తేల్చుకోగలమా?

వాల్వు_తాళం:
తేల్చుకోవచ్చు. అరంగుళం త్రెడ్ ఉన్న ప్రెషర్ గేజీ ఒకటి కొనండి. నీళ్లు వదిలిన పది నిమిషాలకు, వీధిలో మోటార్లన్నీ ఆపించి, మొదటి ఇంట్లో, చివరి ఇంట్లో కొళాయికి బిగించి చూడండి. గేజీ మీద చదరపు సెంటీమీటరుకు 0.7 కిలోలంటే దాదాపు 7 మీటర్లు. మొదట్లో 0.9, చివర 0.2 ఉంటే వీధి పైపు సన్నం, లేదా మధ్యలో లీకు, సగం మూసిన వాల్వు. మొదట్లోనే 0.3 ఉంటే ట్యాంకు మట్టం తక్కువ, లేదా ట్యాంకు నుంచి మీ వీధికి నీళ్లు తెచ్చే ఫీడర్ లైను చాలదు. సాయంత్రం వదిలే రోజు కూడా ఒకసారి తీయండి. ఆ అంకెలు, తేదీ, సమయం రాసి, డీపీఆర్‌లో (పథకం పూర్తి వివరాల నివేదికలో) మీ కాలనీ నేలమట్టం ఎంత చూపారో సమాచార హక్కు కింద అడిగి, రెండూ అర్జీకి జతచేయండి. గేజీ చూపు ఇళ్ల వరుసలో రాస్తే ఇంజనీరు కూడా అక్కడినుంచే వెతుకుతాడు.