మీటింగుల్లో ఫోన్ క్యాప్షన్లు సరిపోతాయా, మనిషి టైప్ చేసే సర్వీసు అడగాలా?

నీలిమేఘం:
నాకు రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్స్ ఉన్నాయి. ఎదురుగా ఒక్కరే ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తాను, అదీ అంతంతమాత్రమే, ఎందుకంటే పాట, బాట, మాట మూడూ పెదాల మీద ఒకేలా కనిపిస్తాయి. పదిమంది కూర్చునే మీటింగ్‌లో ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ (మాటలు విని స్క్రీన్ మీద అక్షరాలుగా చూపించే యాప్) పెట్టుకుంటున్నాను. నిన్న మా టీం లీడ్ "ఫైల్ ఇప్పుడే పంపొద్దు" అంటే స్క్రీన్ మీద "పంపొచ్చు" అని పడింది, నేను పంపేశాను. రాత్రంతా నిద్ర లేదు. మనిషి టైప్ చేసే సర్వీసు అడగాలని ఉంది కానీ అతిగా అడుగుతున్నాననుకుంటారేమోనని టెన్షన్. వాడినవాళ్ళు చెప్పండి.

చిరుగాలి:
అడగండి, అందులో అతి ఏమీ లేదు. మనిషి విని అప్పటికప్పుడు టైప్ చేసే ఈ సర్వీసుని కార్ట్ (CART) అంటారు. టైప్ చేసేవాళ్ళు మామూలు కీబోర్డు వాడరు, స్టెనో మెషీన్ మీద నాలుగైదు మీటలు ఒకేసారి నొక్కితే ఒక అక్షరమో మొత్తం మాటో పడుతుంది, అందుకే నిమిషానికి 200 మాటలు దాటినా అందుకోగలరు. ఇంగ్లీషులో మామూలుగా మాట్లాడేది 150 దగ్గర ఉంటుంది. వాళ్ళు గదిలోనే ఉండక్కర్లేదు, కాల్‌లో విని పంపితే మీ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది, ఎవరు మాట్లాడుతున్నారో పేరు వేస్తారు, ఎవరైనా నవ్వితే నవ్వు అని కూడా రాస్తారు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, ఎందుకంటే అందరితో పాటు నవ్వగలిగాను. మీటింగ్ ఏ భాషలోనో ముందే చెప్పండి, అన్ని భాషలకీ స్టెనో వాళ్ళు దొరకరు.

తెల్లకాగితం:
పేర్ల లిస్టు, ఎజెండా, మీ పనిలో తరచూ వచ్చే మాటలు ముందురోజే క్యాప్షనర్‌కి పంపండి, సగం తప్పులు అక్కడే పోతాయి. మైక్ ముఖ్యం. టేబుల్ మధ్యలో ఒక్క ఫోన్ పెట్టి అందరి మాటా రావాలంటే మనిషికైనా యాప్‌కైనా కష్టమే. అక్షరాలు రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వస్తాయి కాబట్టి "ఎవరికైనా సందేహాలా?" అని అడిగాక కాస్త ఆగమని చెప్పండి, లేకపోతే మీరు చదివేలోపు వాళ్ళు వేరే విషయంలోకి వెళ్ళిపోతారు. ఇద్దరే కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఫోన్ యాప్ చాలు, నేను రోజూ వాడతాను.

నీలిమేఘం:
ఆ నవ్వు సంగతి నాకు తెలియదు చిరుగాలి గారూ. ఇప్పుడే మేనేజర్‌కి మెయిల్ పెట్టాను, "పంపొద్దు, పంపొచ్చు" సంగతి ఉన్నదున్నట్టు రాసి, సోమవారం మీటింగ్‌కే కార్ట్ కావాలని అడిగాను.