ఖాళీ కార్ట్రిడ్జిలు ఇచ్చాను, పాయింట్లు పడలేదు. రూల్స్ ఏమైనా మారాయా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్):
అందరికీ నమస్తే. గరాజ్‌లో చాలాకాలంగా పోగుపడిన ఖాళీ ప్రింటర్ ఇంక్ కార్ట్రిడ్జిలు ఒక కవరు నిండా తీసుకెళ్ళి మా దగ్గర్లోని ఆఫీసు సామాన్ల దుకాణంలో ఇచ్చాను. కౌంటర్‌లో అమ్మాయి లెక్కపెట్టుకుని, ఫోన్ నంబర్ అడిగి, రసీదు ఇచ్చింది. రెండు వారాలు దాటినా యాప్‌లో సున్నానే. ఫోన్ చేస్తే "మీకు అర్హత లేదు" అన్నారు, ఎందుకో చెప్పలేదు. ఇదివరకు ఒక్కో కార్ట్రిడ్జికి 2 డాలర్లు ఇచ్చేవాళ్ళు కదా? నేను అదే దుకాణంలో పేపర్ రీములు, పిల్లల స్కూల్ సామాన్లు కొంటూనే ఉంటాను. ఇంక్ మాత్రం ఆన్‌లైన్‌లో చవకగా దొరికేది తెప్పిస్తాను.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ):
మీ చివరి వాక్యంలోనే సమాధానం ఉందండీ. దుకాణాలు ఖాళీ కార్ట్రిడ్జికి డబ్బు ఇవ్వడం లేదు, తమ దగ్గర ఇంక్ కొనేవాళ్ళకి ఇస్తున్నాయి. స్టేపుల్స్ అనే ఆఫీసు సామాన్ల దుకాణాల సంగతే చూడండి. కార్ట్రిడ్జికి 2 డాలర్ల రివార్డు అని చాలా ఏళ్ళు నడిపారు. కాకపోతే అందులో ఒక షరతు పెట్టారు: గడిచిన 180 రోజుల్లో ఆ మెంబర్ నంబర్ మీద కనీసం 30 డాలర్ల ఇంక్ గానీ టోనర్ (లేజర్ ప్రింటర్‌లో వాడే పొడి) గానీ కొని ఉండాలి. పేపర్, పెన్సిళ్ళు, ఫోల్డర్లు ఈ 30లోకి వచ్చేవి కావు. నెలకి ఇన్ని అనే పరిమితి కూడా ఉండేది. 2024లో వాళ్ళు పాత స్కీం తీసేసి ఈజీ రివార్డ్స్ అని పాయింట్ల పద్ధతికి వచ్చారు. కాబట్టి పాత పోస్టుల్లో చదివిన అంకెలు పట్టుకుని వెళ్ళకండి. యాప్‌లో రీసైక్లింగ్ పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉండేది చదివాకే కవరు కారులో పెట్టండి.

ఇంకో సంగతి. మీ ఇంట్లో రెండు మెంబర్‌షిప్‌లు ఉన్నాయా? చాలా ఇళ్ళల్లో ఆవిడ నంబర్ మీద ఇంక్ కొంటారు, ఆయన నంబర్ మీద ఖాళీవి ఇస్తారు. సిస్టం రెండింటినీ కలపదు.

ప్రశ్న అడిగినవారు:
ఒక్కటే నంబర్ అండీ. అంటే ఇంక్ కొనలేదు కాబట్టి పడలేదన్నమాట. ఇచ్చేసినవి వెనక్కి తెచ్చుకోవచ్చా?

జవాబు (ఎడిసన్):
రావండీ. అవి డబ్బాలో కలిసిపోయి ఉంటాయి. మిగతావి ఉంటే మాత్రం ఆగండి. మీకు ఎలాగూ ఇంక్ అవసరమైనప్పుడు ముందు కొనండి, ఆ కొనుగోలు అకౌంట్‌లో కనబడ్డాక ఖాళీవి ఇవ్వండి. వరస ముఖ్యం.

జవాబు (షార్లెట్, నార్త్ కరోలినా):
ఈ షరతులు ఊరికే రాలేదు అన్నా. ఒకప్పుడు 3 డాలర్ల కూపన్ ఇచ్చిన రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు కూపన్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఈబేలో ఖాళీ కార్ట్రిడ్జిలు లాట్ల లెక్కన కొనేవాళ్ళు. ఒక్కోటి వచ్చే రివార్డు కన్నా తక్కువకే దొరికేది. నెల నెలా తెచ్చి దుకాణంలో పోసి, వచ్చిన దాంతో సరుకు పట్టుకెళ్ళేవాళ్ళు. దుకాణానికి ఇంక్ అమ్మకం సున్నా, ఖర్చు మాత్రం మిగిలేది. అందుకే నెలకి ఇన్నే అని, ఇంక్ కొంటేనే అని బిగించుకుంటూ వచ్చారు.

రెండో కారణం ఖాళీ డొక్కు విలువే పడిపోవడం. వాటిని శుభ్రం చేసి, మళ్ళీ నింపి అమ్మే కంపెనీలు ఉండేవి, ఇప్పుడూ ఉన్నాయి. కానీ చైనా నుంచి కొత్తగా తయారైన కంపాటబుల్ (ప్రింటర్ కంపెనీవి కాని, అందులో సరిపోయే) కార్ట్రిడ్జిలు అంతకన్నా చవకగా వచ్చి పడుతున్నాయి. పైగా జనం ఎకోట్యాంక్ లాంటి, సీసాతో ఇంక్ పోసుకునే ట్యాంక్ ప్రింటర్లకి మారిపోతున్నారు. ఇంక ఖాళీవి ఎవరికి కావాలి?

జవాబు (కూపర్టినో, కాలిఫోర్నియా):
నా లెక్క చెప్తాను. 30 డాలర్ల ఇంక్ కొనాల్సిన పని నిజంగా ఉంటే, చేతిలో 10 ఖాళీవి ఉంటే, పాత రేటు ప్రకారం కార్ట్రిడ్జికి 2 డాలర్ల చొప్పున 20 డాలర్లు తిరిగొచ్చినట్టు. బేరం బాగానే ఉంది. కానీ మీరు ఆన్‌లైన్‌లో 12 డాలర్లకి కొనే సెట్టు బదులు, రివార్డు కోసమని దుకాణంలో 45 డాలర్ల ఒరిజినల్ సెట్టు కొంటే? 33 ఎక్కువ పెట్టి 20 తెచ్చుకున్నట్టు. ఆ 20 కూడా నగదు కాదు, మళ్ళీ అదే దుకాణంలో, గడువు లోపల ఖర్చు పెట్టాల్సిందే. నేనైతే రివార్డు కోసం ఇంక్ కొనను. ఒరిజినల్ ఇంకే వాడేవాళ్ళు మాత్రం తప్పకుండా వాడుకోవాలి, వదులుకోవడం అనవసరం.

ఆఫీస్ డిపో, ఆఫీస్‌మ్యాక్స్ వాళ్ళు కూడా కార్ట్రిడ్జికి 2 డాలర్లు, నెలకి 10 అన్న పద్ధతిలో నడిపారు. దగ్గర్లో ఉంటే అక్కడి షరతులు కూడా చూసుకోండి, రెండు చోట్లా ఒకేలా ఉండవు.

ప్రశ్న అడిగినవారు:
బాగా చెప్పారు. నా దగ్గర ఇంకా హెచ్‌పీవి కొన్ని, ఎప్సన్‌వి చిన్నవి కొన్ని, బ్రదర్ లేజర్ టోనర్లు ఉన్నాయి. రివార్డు లేకపోయినా చెత్తలో వేయడానికి మనసొప్పడం లేదు.

జవాబు (షార్లెట్):
చెత్తలో వద్దు అన్నా. హెచ్‌పీ ప్లానెట్ పార్ట్‌నర్స్ అని కంపెనీ వాపసు పథకం 1991 నుంచీ ఉంది, వాళ్ళ సైట్‌లో లేబుల్ తీసుకుని ఉచితంగా పంపొచ్చు. పాయింట్లేమీ రావు. మీకు హెచ్‌పీ ఇన్‌స్టంట్ ఇంక్ (నెలవారీ చందాతో ఇంక్ పంపే పథకం) ఉంటే ఆ కార్ట్రిడ్జిలని విడిగా పెట్టండి, వాటికి పోస్టేజీ కట్టిన కవరు వాళ్ళే పంపుతారు. డ్రైవింగ్ దూరంలో బెస్ట్ బై దుకాణం ఉంటే అక్కడా తీసుకుంటారు.

ఎప్సన్‌లో రంగుకి ఒకటి ఉంటుంది కాబట్టి నాలుగు రంగులంటే నాలుగు కార్ట్రిడ్జిలు. దుకాణంలో ఇచ్చేటప్పుడు లెక్క సరిగ్గా వేయించుకోండి, రసీదు మీద సంఖ్య చూసుకోండి. ట్యాంక్ ప్రింటర్ ఇంక్ సీసాలు కార్ట్రిడ్జిల కింద లెక్క రావు, అడగకుండా అందులో కలిపేయకండి.

టోనర్ జాగ్రత్త. పిల్లలు ఆడుకునే చోట పెట్టకండి. ఆ పొడి చాలా సన్నం, కింద పడితే ఇంట్లో మామూలు వాక్యూమ్ పెట్టకండి, ఫిల్టర్‌లోంచి బయటికొచ్చి ఇల్లంతా పరుచుకుంటుంది. చల్లటి నీళ్ళతో తడిపిన గుడ్డతో తుడవండి. వేడినీళ్ళు వద్దు, పొడి కరిగి అంటుకుంటుంది. కొత్త టోనర్ వచ్చిన ప్లాస్టిక్ సంచీలోనే పాతది పెట్టి మూతి కట్టేయండి.

జవాబు (హైదరాబాద్):
బాబూ, ఇక్కడి సంగతి కూడా చెప్తాను, అమ్మానాన్నలకి పనికొస్తుంది. మన దగ్గర దుకాణం పాయింట్లు లాంటివి లేవు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో రీఫిల్ చేసేవాళ్ళు ఒరిజినల్ ఖాళీ హెచ్‌పీ 12ఏ, 88ఏ టోనర్లని చేతికి డబ్బిచ్చి కొంటారు. బాగుందనిపిస్తుంది గానీ, అందులో కొన్ని మళ్ళీ నింపి, అసలు కంపెనీ డబ్బాలో పెట్టి, కొత్తవని అమ్మేవాళ్ళ చేతికి చేరతాయి. ఖాళీది అమ్మితే అమ్మండి, ఒరిజినల్ అట్టపెట్టె, సీలు మాత్రం చింపి పారేయండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జిలు కూడా ఉన్నాయి, వాటిని రీసైక్లింగ్‌కి చేర్చే బాధ్యత తయారీదార్లదే. హెచ్‌పీ వాళ్ళ వాపసు పథకం ఇండియాలో కూడా ఉంది.

అన్నట్టు, మొన్న ఒకాయన ఇక్కడి ఖాళీవి సూట్‌కేసులో అమెరికా పట్టుకెళ్తే గిట్టుబాటవుతుందా అని అడిగాడు. ఆ బరువులో గోంగూర పచ్చడి పట్టుకెళ్ళమన్నాను.

ప్రశ్న అడిగినవారు:
హహ, థాంక్యూ అంకుల్. చివరి డౌట్: బ్రదర్ టోనర్‌తో పాటు పెద్ద డ్రమ్ముది కూడా ఒకటుంది. అదీ కార్ట్రిడ్జేనా?

జవాబు (ఎడిసన్):
కాదండీ. బ్రదర్‌లో టీఎన్ అని ఉండేది టోనర్, డీఆర్ అని ఉండేది డ్రమ్ యూనిట్ (టోనర్ పొడిని కాగితం మీదికి చేర్చే భాగం), రెండూ విడివిడి. రివార్డు లెక్కలో డ్రమ్ముని నమ్ముకోకండి. బ్రదర్ సైట్‌లో ఉచిత వాపసు లేబుల్ వస్తుంది, దాంట్లో టోనర్, డ్రమ్ రెండూ పంపొచ్చు. పంపే ముందు డ్రమ్ముకి ఇరుక్కున్న టోనర్‌ని పక్కనున్న మీట నొక్కి విడదీయండి, కింద పేపర్ పరుచుకుని.