గుర్రం ఎక్కించేటప్పుడు పాప బిగుసుకుపోతోంది, ఏం చేయాలి?

గోదారిగట్టు:
పాపకి తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి). కాళ్లు రెండూ కత్తెరలా దగ్గరికి లాక్కుంటాయి, నడుం మాత్రం బాగానే నిలుపుతుంది. గుర్రమంటే ప్రాణం. తీరా కింద నుంచి ఎత్తి కూర్చోబెట్టబోతే ఒళ్లంతా కర్రలా అయిపోతుంది. ఎక్కాక కుడివైపు ఒరుగుతుంది. పక్కన నడిచేవాళ్లు ఎక్కడ పట్టుకోవాలి?

ఫిజియో_వైజాగ్:
ముందు తుంటి ఎక్స్‌రే చూపించండి. ఇలా కాళ్లు బిగిసే పిల్లల్లో తుంటి కీలు మెల్లగా పక్కకి జారుతుంటుంది. అది తెలియకుండా కాళ్లు ఎడంచేసి కూర్చోబెట్టకూడదు. ఫిట్స్ అదుపులో లేకపోయినా ఆగాల్సిందే.

వెడల్పు వీపు గుర్రం వద్దు. తొడలు ఎక్కువ విడదీస్తే లోపలి కండరాలు ఇంకా బిగుస్తాయి. సన్న వీపు, నెమ్మది నడక ఉన్న పొట్టి గుర్రం మేలు. జీను బదులు మెత్త పరిచి, చేతిపిడి ఉన్న పట్టీ కడితే గుర్రం ఒంటి వెచ్చదనం తొడలకి తగిలి కాళ్లు వదులవుతాయి. 20 నిమిషాలు చాలు. అలసిపోతే బిగుతు మళ్లీ వస్తుంది.

జీను_కళ్ళెం:
కింద నుంచి ఎత్తితే ఏ పిల్లకైనా భయమేనండి, కాళ్లకి ఆధారం ఉండదు కదా. ర్యాంపు కట్టించండి. అవతలి పక్క ఒక దిమ్మె ఉంటే గుర్రం జరగదు. పాపని ముందు వీపు మీద అడ్డంగా కూర్చోబెట్టి, వెనక ఒకరు నడుం ఆపాలి. తర్వాత కుడి మోకాలు మడిచి, గుర్రం మెడ మీదుగా అవతలికి దాటించాలి. కాలు చాపి దాటిస్తే కండరం లాగేస్తుంది.

ఎక్కాక పొట్ట కింది పట్టీ మళ్లీ బిగించండి, మొదట బిగించింది కాసేపటికి వదులవుతుంది. ఎంత ఒరిగినా పాపని జీనుకి మాత్రం కట్టకండి. గుర్రం పడితే పాప దాని కిందే ఉండిపోతుంది.

సాయం తీసుకోవడం చిన్నతనమేం కాదు. పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడిన డెన్మార్క్ రైడర్ లిస్ హార్టెల్ కూడా సాయంతోనే ఎక్కేది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ (గుర్రాన్ని సైగలతో పద్ధతిగా నడిపించే పోటీ) వెండి పతకం ఆమెదే.

పక్కనడక:
చెరో పక్క ఒకరు. ముంజేయి పాప తొడ మీద అడ్డంగా ఆనించి, వేళ్లతో చేతిపిడి పట్టీ పట్టుకోవాలి. చంకలో చెయ్యి వద్దు, పైకి లాగితే తూకం పోతుంది. ఒరగడానికి తరచూ కుడిపక్క మనిషి చెయ్యి బరువే కారణం. వెనక నిలబడి చూడండి, పాప వెన్ను, గుర్రం వెన్ను ఒకే గీతలో ఉండాలి. ఎడమకే చుట్లు తిప్పుతున్నా ఒళ్లు కుడికి, అంటే బయటికి పోతుంది. దిశ మార్చండి.

ఇంకొకటి. "ఆగు" అనే మాట పాప చేతిలో పెట్టండి. అన్న ప్రతిసారీ కళ్ళెం పట్టినవారు వెంటనే ఆపాలి, పది అడుగులకే అన్నా సరే.

గోదారిగట్టు:
ఎక్స్‌రే తీసి ఏడాది దాటింది. ముందు అది తీయిస్తాం. ర్యాంపు ఎత్తు ఎంత ఉండాలి?

జీను_కళ్ళెం:
ఆ గుర్రాన్ని పక్కన నిలబెట్టి కొలవండి. పాప ర్యాంపు మీద నిల్చుంటే గుర్రం వీపు తన పిరుదుల కంటే కాస్త కిందికి రావాలి.