2025 నాటి చర్చ: అమెరికా సుంకం తరువాత వనామీ రొయ్యను ఏ కౌంట్‌లో పట్టాలి?

భీమవరం_గట్టు: 2025 ఆగస్టు 27న మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటి నుంచి మా ఊరికి వచ్చే ఏజెంట్లు రోజుకొక ధర చెబుతున్నారు. నా నాలుగెకరాల చెరువులో ఇప్పుడు 60 కౌంట్ (కిలోకు 60) రొయ్య ఉంది. మరో నెల మేత పెట్టి 40కి తేవాలా, ఇప్పుడే పట్టాలా? ఐరోపాకు పంపే ప్లాంట్లు ఏ కౌంట్ అడుగుతున్నాయి?

ప్లాంటు_లెక్కలు: 50 శాతంతో లెక్క ముగియదండి. మరీ చవకగా అమ్ముతున్నామంటూ 2005 నుంచి వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం, సర్కారు రాయితీలకు విరుగుడుగా వేసే, 2024 చివరలో మన ఎగుమతిదారుల్లో చాలామందికి 5.77 శాతంగా ఖరారైన కౌంటర్‌వెయిలింగ్ సుంకం దానికి అదనం. ఈక్వెడార్‌కు 2025లో వేసిన కొత్త సుంకం 15 శాతమే; పైగా వారి ఓడ తొందరగా చేరుతుంది. ఆ తేడాను ఏజెంటు మీ ధరలోంచే కోస్తున్నాడు.

ఉప్పుటేరు_రైతు: ఐరోపా అంటే అంత సులువా? మన సాగు రొయ్యల కంటైనర్లలో తనిఖీ చేసే వాటాను 2016లోనే వారు 10 నుంచి 50 శాతానికి పెంచారు. రొయ్య పట్టుబడికి ముందు చేసిన పరీక్షలో నా చెరువు నైట్రోఫ్యూరాన్ అనే నిషేధిత యాంటీబయాటిక్ అవశేషంతో తప్పింది. నేను ఏ మందూ వేయలేదు, తప్పంతా పిల్లలిచ్చిన హేచరీదే.

టెక్నీషియన్_18ఏళ్లు: పద్దెనిమిదేళ్లుగా చెరువులు చూస్తున్నాను, ఆ మాట నేను ఒప్పుకోను. చీమ తలంత పిల్ల ఇరవై గ్రాములు పెరిగేసరికి హేచరీలో తిన్నది పరీక్షకు దొరికేంత మిగలదు. దుకాణంలో కొని మేతలో కలిపిన పొడిని ముందు గుర్తు తెచ్చుకోండి.

ఉప్పుటేరు_రైతు: నన్ను అబద్ధాలకోరు అంటున్నారా? ఖాళీ సంచి ఇప్పటికీ మోటారు షెడ్డులో ఉంది. దానిపై ‘ప్రోబయాటిక్’ అని పెద్ద అక్షరాలున్నాయి గాని, ఏమేమి కలిపారో లేదు, బ్యాచ్ నంబరూ లేదు. రెండు లక్షల అప్పు నా మీదే మిగిలింది.

టెక్నీషియన్_18ఏళ్లు: సంచిపై బ్యాచ్ నంబరు లేనప్పుడు ఎందుకు కొన్నారు? అయినా దాన్ని పారేయకండి, అడుగున మిగిలిన పొడినే ల్యాబుకు ఇవ్వండి.

డాలస్_వదిన: ఇక్కడ అమెరికాలో మా వీధి చివరి దుకాణంలో ఇప్పుడు రొయ్యల సంచులన్నింటిపైనా ఈక్వెడార్ పేరే కనిపిస్తోంది. మా నాన్నగారు కైకలూరు దగ్గర రొయ్యలు పెంచేవారు కనుక ఆ అర ముందు నిలబడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ప్లాంటు_లెక్కలు: అమ్మా, దుకాణదారును మన సరుకు అడుగుతూనే ఉండండి.

భీమవరం_గట్టు: నేనడిగిన కౌంట్ గురించి ఎవరూ చెప్పలేదు. వాయుగుండం వస్తోందంటున్నారు, రొయ్య ఎంత తింటోందో చూసే చెక్ ట్రేలో మేత మిగులుతోంది, ఇక నెల ఆగే ధైర్యం నాకు లేదు. రేపు నమూనా ల్యాబుకు ఇచ్చి, ఫలితం రాగానే పట్టేస్తాను. ఉప్పుటేరు అన్నా, ఆ సంచి ఫొటో ఇక్కడ పెట్టండి, మా షెడ్డులోనూ అలాంటిదే ఒకటి ఉంది.