మూడు వృత్తాల వెన్ చిత్రంలో రుణ సంఖ్య ఎందుకు వస్తోంది?

ప్రశ్న:
వంద మంది విద్యార్థులలో గణితం 52 మందికి, భౌతికశాస్త్రం 43 మందికి, రసాయనశాస్త్రం 38 మందికి ఇష్టం. గణితం, భౌతికశాస్త్రం రెండూ 20 మందికి, భౌతిక, రసాయనశాస్త్రాలు రెండూ 16 మందికి, గణితం, రసాయనశాస్త్రం రెండూ 18 మందికి, మూడూ 8 మందికి ఇష్టం. ఏ ఒక్కటీ ఇష్టంలేనివారు ఎందరో కనుక్కోవాలి. నేను ఒక్కో సబ్జెక్టుకు ఒక వృత్తం చొప్పున, ఒకదానిపై ఒకటి పడేలా వెన్ చిత్రం గీసి, మధ్య భాగంలో 8 వేసి, రెండేసి వృత్తాలు కలిసే చోట్ల 20, 16, 18 వేశాను. భౌతికశాస్త్రం మాత్రమే ఇష్టమైనవారి కోసం 43 నుంచి 20, 16, 8 తీసివేస్తే -1 వస్తోంది. మూడు సంఖ్యలూ కూడి, రెండేసి ఛేదనాలు (ఉమ్మడి భాగాలు) తీసివేసే సూత్రంలో చివర మూడింటి ఛేదనాన్ని మళ్ళీ ఎందుకు కలుపుతారో కూడా నాకు బోధపడలేదు.

మొదటి సమాధానం:
చిక్కు అంతా ‘రెండూ’ అనే మాటలో ఉంది. గణితం, భౌతికశాస్త్రం రెండూ ఇష్టమైన 20 మందిలో మూడూ ఇష్టమైన 8 మంది కూడా ఉన్నారు కనుక, ఆ రెండు మాత్రమే ఇష్టమైనవారు 12 మందే. అలాగే మిగిలిన రెండు చోట్ల 8, 10 రావాలి. అందుకే వెన్ చిత్రాన్ని ఎప్పుడూ మధ్య నుంచి బయటికి నింపుకుంటూ రావాలి. అప్పుడు భౌతికశాస్త్రం మాత్రమే ఇష్టమైనవారు 43 - 12 - 8 - 8 = 15, గణితం మాత్రమే 22, రసాయనశాస్త్రం మాత్రమే 12. ఏడు భాగాలూ కూడితే 87, అంటే ఏదీ ఇష్టంలేనివారు 13 మంది. మీకు రుణ సంఖ్య రావడం నిజానికి మేలే అయింది. అంకెలు ఇంకొంచెం పెద్దవైతే తప్పు జవాబు ఒప్పులాగే కనిపించేది.

రెండవ సమాధానం:
సూత్రం సంగతికి వస్తే, మూడూ ఇష్టమైన ఒకే ఒక్క విద్యార్థిని వెంబడించి చూడండి. 52, 43, 38 కూడినప్పుడు అతను మూడుసార్లు లెక్కలోకి వచ్చాడు. 20, 16, 18 తీసివేసినప్పుడు మూడుసార్లూ పోయాడు. ఇప్పుడు అతను లెక్కలోనే లేడు కాబట్టి, ఒకసారి తిరిగి చేర్చాలి: 133 - 54 + 8 = 87. రెండు మాత్రమే ఇష్టమైన విద్యార్థి రెండుసార్లు వచ్చి ఒకసారి పోతాడు కనుక అతనికి ఏ సవరణా అవసరం లేదు. ఈ పద్ధతిలో ఆలోచిస్తే సూత్రాన్ని బట్టీ పట్టనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు, ఇప్పుడు స్పష్టమైంది. నాలుగు సమితులున్నప్పుడు నాలుగు వృత్తాలు గీస్తే సరిపోతుందా?

రెండవ సమాధానమిచ్చినవారు:
సరిపోదు. నాలుగు సమితులకు బయటి భాగంతో కలిపి 16 భాగాలు కావాలి, కానీ నాలుగు వృత్తాలను ఎలా గీసినా తలం 14 భాగాలకు మించి విడిపోదు. దీర్ఘవృత్తాలతో 16 భాగాలూ వస్తాయి. అయితే చిత్రం చదవడం కష్టం కాబట్టి, అక్కడినుంచి సూత్రాన్నే నమ్ముకోవడం మంచిది: ఒక్కొక్కటి కూడి, రెండేసి ఛేదనాలు తీసివేసి, మూడేసివి కూడి, నాలుగింటిది తీసివేయాలి.